రంగు ముదిరిన నారు

వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇళ్లలో సాంబమూర్తిని ఎరగనివాళ్లు తక్కువ. మట్టెవాడలో ఇల్లు, అరవై ఎనిమిదేళ్ల వయసు. అందులో నలభై ఏళ్లు నూలుకు రంగులేసే షెడ్డులో, పొగలు కక్కే కాగు పక్కన నిలబడే గడిచాయి. మనిషి బక్కపలచన, మాట పెళుసు. ఒక్క ఎరుపులోనే పదకొండు ఎరుపులు చూపిస్తాడు. ఎదుటివాడికి రెండు కూడా కనబడవు. అయినా తలూపక తప్పదు.

తూకాలంటే ఆయనకు చిన్నచూపు. కాగులో ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లు మొహం చిట్లించేవారు. ఈయన మాత్రం పప్పులో ఉప్పు చూసినంత తేలిగ్గా చూసి, "ఇంకో తట్ట" అనేవాడు.

నూలును రంగునీళ్లలో ముంచినంత మాత్రాన రంగు పట్టదు. సగం రంగు నీళ్లలోనే ఉండిపోతుంది. ఉప్పు వేస్తే గానీ అది నీళ్లను వదిలి నూలులోకి పోదు. ఆ ఉప్పైనా ఒకేసారి కుమ్మరించకూడదు, మూడు విడతల్లో పెంచుకుంటూ వేయాలి. ఎంత చిక్కటి ఉప్పునీళ్లయితే అంత ముదురు రంగు. సాంబమూర్తికి తెలిసిన శాస్త్రం ఇదొక్కటే. ఒక్కటే తెలిసినవాడితో వచ్చే చిక్కు ఏమిటంటే, కనబడిన ప్రతిదానికీ దాన్నే వాడతాడు.

నాలుగేళ్ల కిందట షెడ్డు మూతబడింది. మిల్లుల నుంచి రంగేసిన నూలే నేరుగా వస్తుంటే ఈయన కాగుతో ఎవరికి పని? ఇంట్లో కూర్చున్న సాంబమూర్తి మూడు నెలల్లో ముసలివాడైపోయాడు. భార్య అనసూర్య ఆరేసిన చీరల రంగులకు వంకలు పెట్టడం తప్ప ఆయనకు వేరే పని లేకుండా పోయింది. నాలుగేళ్లు ఓర్చుకుని ఆవిడ ఒకరోజు విసుగెత్తి, "ఓ వాసంతి బాపూ, జర బిడ్డ షెడ్డుకన్న పోరాదు, నా పానం దీస్తానవ్" అంది.

వాసంతి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. అల్లుడు సూరత్‌లో మగ్గాల మీద పని చేస్తాడు. ఎనిమిదేళ్ల కూతురు అక్షరను పెట్టుకుని వాసంతి ఇక్కడే ఉండి, వ్యవసాయంలో డిప్లొమా చేసిన చదువును వృథా పోనివ్వకుండా మడికొండ అవతల కొంత జాగా కౌలుకు తీసుకుంది. కొత్త ఇళ్ల ప్లాట్లకు అవతల, నీడకు ఆకుపచ్చ వల కప్పిన షెడ్డు వేసి, నల్లటి ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి మిర్చి నారు పోసింది. నాలుగు వందల ట్రేలు, దాదాపు నలభై వేల మొక్కలు. ఆమెకు ఇదే మొదటి పంట. నలుగురు రైతులు ఆమె మాట నమ్మి, తమ దగ్గర నారు పోసుకోకుండా ఈమెకే చెప్పుకున్నారు. వానాకాలం సగం దాటింది. ఈ నారు తప్పితే వాళ్లకు ఈ ఏడు మిర్చి లేదు. ఆ సంగతి వాసంతికి నిద్రలో కూడా గుర్తుండేది.

నారుకు ముప్పయ్యో రోజు వచ్చేసరికి అక్షరకు జ్వరం వచ్చింది. దవాఖానలో డెంగీ అన్నారు. ప్లేట్లెట్లు పడిపోతున్నాయని హన్మకొండలో చేర్చుకున్నారు. వాసంతి ఆదరాబాదరాగా షెడ్డుకు వచ్చి తండ్రికి అంతా అప్పజెప్పింది.

"బాపూ, పొద్దుగాల, పొద్దుమీకి వట్టి నీళ్లు చల్లు. మూడు రోజులకొక్కపారి గా డబ్బ నీళ్లల్ల ఒక్క మూత మందు కలుపు. గంతే. మూత మీద మూత ఎయ్యకు."

మందంటే నీళ్లలో కరిగే ఎరువు. తెల్లగా, రవ్వలా, అచ్చం ఉప్పులాగే ఉంటుంది.

"ఒక్క మూతనా? పది లీటర్లకు?" అన్నాడు సాంబమూర్తి.

"మొక్క లోపలి నీళ్లు జర చిక్కగ ఉంటయి బాపూ. బయటి నీళ్లు పల్చగ ఉంటేనే ఏర్ల నుంచి లోపలికి పోతయి. బయట చిక్కగైతే ఎనక్కు మర్లి, లోపలియే బయటికస్తయి."

"కాగు కాడ నలభై ఏండ్లు నిలవడ్డోన్ని. చిక్కన పల్చన నువ్వు జెప్తవా నాకు? పో, పిల్లను జూస్కో. ఫికర్ జెయ్యకు."

వాసంతి వెళ్లిపోయింది. ఆ మాటలు ఆయన చెవిలో పడ్డాయి గానీ లోపలికి పోలేదు.

మొదటి రెండు రోజులూ చెప్పింది చెప్పినట్టే చేశాడు. కానీ ఆ నారును చూస్తుంటే ఆయనకు మనసు ఊరుకోలేదు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ. నాటబోయే ముందు నారును కొంచెం ఆకలిగా ఉంచితే మొక్క గట్టిపడుతుందని, వాసంతి కావాలనే అలా పెంచుతోందని ఆయనకు తెలియదు. ఆయన కళ్లకు అది రంగు సరిగా పట్టని నూలు. అలాంటి సరుకు తన షెడ్డు నుంచి ఏనాడూ బయటికి పోలేదు. బిడ్డ పేరు మీద పోతుందంటే సిగ్గనిపించింది.

మూడో రోజు లెక్క ప్రకారం ఒక్క మూత వేశాడు. సాయంత్రం దాకా చూశాడు. ఏ మార్పూ లేదు. కాగైతే గంటలో జవాబు చెప్పేది. ఈ మొక్కలు మొండిఘటాల్లా ఉన్నాయి. కలిపిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. చప్పగా ఉంది. ఇంత చప్పటి నీళ్లతో ఏం పడుతుంది రంగు, అనుకున్నాడు.

నాలుగో రోజు రెండు మూతలు వేశాడు. ఐదో రోజు నాలుగు. విడతలుగా పెంచాలన్నది ఆయన చేతికి అలవాటే. చేయి తన పని తాను చేసుకుపోయింది. ఈసారి నాలుకకు ఉప్పగా తగిలింది. ఇక పని జరుగుతుందని హాయిగా నవ్వుకున్నాడు.

పని జరిగింది. ఆరో రోజు పొద్దున షెడ్డు తెరిచేసరికి నారు రంగు తిరిగింది. ముదురాకుపచ్చ, అంచుల్లో కొంచెం నీలం కలిసినట్టు, పట్టుచీర అంచుకు వేసేంత చిక్కటి రంగు. సాంబమూర్తి ట్రేల మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు. రంగుల షెడ్డు మూతబడ్డాక ఆయన మనసు అంత నిండుగా ఎన్నడూ లేదు. ఇన్నాళ్లకు తన విద్య మళ్లీ ఒకరికి పనికొచ్చిందని కళ్లు చెమర్చాయి కూడా. ఒక్క సంగతి మాత్రం ఆయన గమనించలేదు. మూడు రోజులుగా ఒక్క మొక్కా వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

ఆ పొద్దునే గట్టయ్య వచ్చాడు. పాలకుర్తి గుట్ట దాటాక రోడ్డు పక్కనే ఆయన ఎకరం చెలక. వాసంతికి నారు చెప్పుకున్న నలుగురిలో మొదటివాడు. నారు చూసి నోరు తెరిచాడు.

"ఏం రంగే మూర్తన్నా! నా జిందగిల గింత రంగున్న నారు సూడలే. ఏం జేసినవ్?"

"చేతిల ఉంటది తమ్మీ" అన్నాడు సాంబమూర్తి.

గట్టయ్య అక్కడికక్కడే ఫోన్ తీసి ఫోటోలు కొట్టి మిగతా ముగ్గురికీ పంపాడు. ఎల్లుండి పొద్దున బండి తెచ్చి తన నూట ముప్పై ట్రేలూ తీసుకుపోతానన్నాడు. సాయంత్రం వాసంతి ఫోన్ చేసి, పిల్ల అన్నం ముట్టడం లేదని చెప్పి, నారు ఎట్లుందని అడిగింది. "మంచిగుంది బిడ్డా, నువ్వే సూస్తవ్ గద" అన్నాడు. అప్పటికి అది అబద్ధమని ఆయనకు తెలియదు.

నిజానికి ఆ మధ్యాహ్నమే నారు తలలు వాల్చింది. వానలు ఆగి ఎండ చురుక్కుమంటోంది, అందుకేనేమో అనుకున్నాడు. దాహమేసిన మొక్కకు నీళ్లు పోయాలి కదా, పోశాడు. ఏ నీళ్లు? పక్కన కలిపి పెట్టిన మందు నీళ్లే. సాయంత్రానికి తలలు లేచాయి. ఆయన మనసు కుదుటపడింది.

ఏడో రోజు ట్రేల అంచుల మీద తెల్లటి పొడి పేరుకుంది. ఆకుల కొసలు సన్నగా మాడి, నిప్పు తగిలిన కాగితం అంచులా ముడుచుకున్నాయి. మధ్యాహ్నం నారంతా చాప పరిచినట్టు పడుకుంది. మళ్లీ నీళ్లు పోశాడు, మళ్లీ అవే. పోసినకొద్దీ వాడిపోతోంది. వాడినకొద్దీ పోస్తున్నాడు. కొబ్బరిపొట్టు పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంది. అంత తడిలో నిలబడి మొక్కలు నీళ్లు లేక ఎండుతున్నాయి. సాయంత్రం సగమే లేచాయి. ఆ రోజు వాసంతి ఫోన్ చేస్తే, "మంచిగుంది" అనే అన్నాడు, ఈసారి అబద్ధమని తెలిసే. దవాఖానలో పిల్లతో ఉన్నదానికి ఇప్పుడు ఈ గోల ఎందుకని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. భయాన్ని ప్రేమ అని పిలుచుకోవడం మనకందరికీ అలవాటే.

ఎనిమిదో రోజు ఏడింటికల్లా గట్టయ్య బండి వచ్చింది. పొద్దుటి చల్లదనానికి నారు నిటారుగా నిలబడి ఉంది. ఆ ముదురాకుపచ్చ చూసి బండి డ్రైవర్ కూడా సెల్ఫీ దిగాడు. మాడిన కొసలు చూపించి, "గిదేందన్నా?" అని గట్టయ్య అడిగితే, "ఎండకు" అని సాంబమూర్తి చూపు తిప్పుకున్నాడు. అప్పుడైనా ఆపి ఉండవచ్చు. ఒక్కరోజు ఆగు అంటే చాలు. కానీ అంత పొగడ్త విన్న మనిషికి ఆ మాట నోట్లోంచి రాలేదు. నూట ముప్పై ట్రేలూ బండెక్కాయి.

పన్నెండు గంటలకు అనసూర్య అన్నం గిన్నెతో ఆటో దిగింది. ఆయన తినేలోపు రాత్రి కూర పని కూడా అయిపోతుందని కాకరకాయలు వెంట తెచ్చుకుంది. నీడన కూర్చుని చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి పక్కన పెట్టింది. కాసేపాగి తాంబాళం ఆయన ముందుకు జరిపింది.

"జర పిండియ్యి. నా ఏళ్లు గుంజుతానయి."

సాంబమూర్తి గుప్పెడు చక్రాలు తీసి పిండాడు. ఆకుపచ్చటి నీళ్లు మోచేతి దాకా కారాయి. తాంబాళంలో అప్పటికే చారెడు నీళ్లు నిలిచి ఉన్నాయి.

"గిన్ని నీళ్లెందుకు పోసినవే?"

"నేనెందుకు పోస్త? ఉప్పేసిన. ఉప్పు గుంజింది" అంది అనసూర్య, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆయన గుప్పిట విప్పి చూశాడు. ఇందాక కరకరలాడిన కాయ, మెత్తగా నలిగిన గుడ్డపీలికలా ఉంది. ఇల్లు కట్టుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో వందసార్లు చేసిన పని అది. ఒక్కసారైనా ఆయన దాన్ని చూడలేదు. ఇప్పుడు చూశాడు.

లేచి వెళ్లి ఒక మొక్కను మెల్లిగా పీకాడు. తెల్లగా, బొచ్చుగా ఉండవలసిన వేరు గోధుమరంగు దారప్పోగులా జారి వచ్చింది. ట్రే ఎత్తి, కింద కన్నంలోంచి కారే చుక్కను వేలి మీద పట్టి నాలుకకు రాసుకున్నాడు. కాగులో చివరి విడత ఉప్పు వేశాక ఉండే నీళ్ల కంటే ఉప్పగా ఉంది. వాసంతి మాటలు అప్పుడు లోపలికి దిగాయి. బయట చిక్కగైతే లోపలియే బయటికస్తయి. నూలు చచ్చిన వస్తువు. దానికి కాపాడుకోవలసిన నీళ్లంటూ ఏమీ లేవు, అందుకే ఎంత చిక్కటి నీళ్లలో ముంచినా ఏమీ పోగొట్టుకోదు. మొక్క అలా కాదు. కణం కణంలో పట్టి ఉంచుకున్న తడే దాని ప్రాణం. ఆ తడిని ఈయన ఐదు రోజులుగా డబ్బా తర్వాత డబ్బా పోసి బయటికి గుంజాడు. రంగు అంత ముదిరింది మొక్క బలిసినందుకు కాదు. లోపలి నీళ్లు తగ్గి, పెరగడం మాని, ఉన్నదంతా చిక్కబడినందుకు.

గట్టయ్య ఇప్పుడు నాటిస్తూ ఉంటాడు. ఆయన ఫోన్ నంబరు వాసంతి దగ్గర ఉంది. అడిగితే ఎందుకని అడుగుతుంది. అందుకని సాంబమూర్తి చెప్పులేసుకున్నాడు.

"గట్టయ్య చెలక కాడికి పోయొస్త. పైపు వెట్టి మిగిలిన ట్రేలకు వట్టి నీళ్లు పారియ్యి, కింద నుంచి కారాలె. ఎవలచ్చినా నేనచ్చేదాక ఆగుమను."

"ఎందుకు?" అంది అనసూర్య.

"ఆగుమను, గంతే" అని రోడ్డెక్కాడు. కారణం చెప్పడానికి ఆమె ముందు కూడా నోరు రాలేదు.

ఘనపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా చెలకల్లో వంగి నాటుతున్న ఆడవాళ్లు కనబడుతుంటే, ప్రతి చోటా తన నారే నాటుతున్నట్టు ఆయనకు అనిపించింది. పాలకుర్తి గుట్ట దాటి గట్టయ్య చెలక చేరేసరికి నాలుగు దాటింది. కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. ఎకరమంతా నాటేశారు. సాళ్ల వెంట సాళ్లు, మొక్కలన్నీ మట్టి మీద పడుకుని ఉన్నాయి.

గట్టయ్య ఎదురొచ్చాడు. మొహంలో చింత లేదు.

"నువ్వచ్చినవేందే గింత దూరం? ఫికర్ లేదు, నాటిన పూట పడుకుంటయి. పొద్దు గూకితే లేస్తయి."

"లెవ్వయి తమ్మీ" అన్నాడు సాంబమూర్తి.

గట్టు మీద కూలబడి మొత్తం చెప్పాడు. రెండు మూతలు, నాలుగు మూతలు, నాలుకకు రాసుకున్న నీళ్లు, ఫోన్‌లో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. గట్టయ్య వింటూ వింటూ ఒక సాలు పక్కన కూర్చుని ఒక మొక్కను లాగాడు. పట్టే లేకుండా వచ్చేసింది. ఇంకొకటి లాగాడు. తర్వాత లాగడం మానేశాడు.

"నూలుకు రంగేసినట్టు నా మిర్చికి రంగేస్తివా?" అన్నాడు. తిట్టు కంటే ఆ నెమ్మదే ఎక్కువ కోసింది. "నేను నారు పోసుకోలే. ఆ పిల్ల మాట మీద పోసుకోలే. ఇప్పుడు ఎవలిస్తరు నాకు?"

సాంబమూర్తి చేతులు పట్టుకోబోతే గట్టయ్య వెనక్కి జరిగాడు. మళ్లీ గట్టయ్యే అడిగాడు, "కడమయి యాడున్నయి?"

"షెడ్లనే ఉన్నయి. రెండు వందల డెబ్బై ట్రేలు. వట్టి నీళ్లతోని కడుగుమన్న. నీడన పది రోజులు ఉంచితే కొత్త ఏర్లు పొడుస్తయి, కొన్నన్న బతుకుతయి. ఇప్పుడే నాటితే ఒక్కటి దక్కది. బతికినయి ముందుగాల నీకే ఇప్పిస్త. బిడ్డతోని నేను చెప్త."

ఆ మాట అన్నాక ఆయనకు కొంచెం ఊపిరి ఆడింది. ఎంత కాదన్నా సగానికి పైగా ఇంకా తన చేతిలోనే ఉందన్న ధైర్యం అది. అప్పుడే ఫోన్ మోగింది. అనసూర్య.

"ఏడున్నవయ్యా? మనసు నిమ్మళంగుంది ఇయ్యాల" అంది సంతోషంగా. "నువ్వు చెప్పినట్టు వట్టి నీళ్లు పెడితే ఒక్కొక్కటి లేసి ఎంత మంచిగ నిలవడ్డయో! గంతట్లనే ముగ్గురూ బండి గట్టుకొని వచ్చిన్రు. గట్టయ్య ఫోటోలు పంపిండట గద. నువ్వు ఆగుమన్నవని చెప్పిన. ఇనకపాయె. బిడ్డకు ఫోన్ జేస్తే ఇయ్యవ్వా, మనోళ్లే అన్నది. ఒక్క ట్రే మిగల్లే. పొద్దుగాల్నే నాటుతరట."

"ఏ ఊర్లు?" అన్నాడు సాంబమూర్తి.

"నాకేమెరుక? వాసంతికే తెలుసు."

ఫోన్ పెట్టేశాక ఆయన లేచి సాళ్ల వెంట ఆ చివరిదాకా నడిచి చూసి వచ్చాడు. పొద్దు గుట్ట వెనక్కి దిగింది. చెలకలో ఒక్క మొక్కా తల ఎత్తలేదు. ఫోన్‌లో అనసూర్య మాటలన్నీ విన్న గట్టయ్య నిలబడి ఆయన వైపే చూస్తున్నాడు. మధ్యాహ్నం బస్సెక్కే బదులు వాసంతికి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ ఎకరంలో సగమైనా మట్టిలో పడకపోవును, ఆ ముగ్గురి బండ్లూ కదలకపోవును. ఆ సంగతి ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. సాంబమూర్తి వాసంతి నంబరు నొక్కాడు.

మొదటి రింగుకే ఎత్తింది. "బాపూ! ప్లేట్లెట్లు పెరిగినయి. రేపు డిశ్చార్జ్ అన్నరు. అక్షర ఇడ్లీ తిన్నది." ఎనిమిది రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు నవ్వుతోంది. "అందరు ఒక్కతీరుగ ఫోన్లు జేస్తాన్రు. వచ్చే యేడు ఇంకో పదిమంది అడుగుతాన్రు. గంత రంగు ఎట్ల తెచ్చినవ్ బాపూ?"

ఆయన చెప్పాడు. ఈసారి ఒక్క విడతలోనే చెప్పేశాడు.

అవతల దవాఖానలో ఎవరో నర్సును పిలుస్తున్నారు. వాసంతి ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చేయలేదు.

"వాళ్లు రంగు జూసి తీస్కపోలే బాపూ" అంది. "అవ్వకు నేను ఇయ్యిమన్న. నా మాట మీద తీస్కపోయిన్రు."

"బిడ్డా..."

"గట్టయ్య కాక పక్కన ఉన్నడా? రాసుకొమ్మను. ఇద్దరు పొద్దుగాల నాటుతరు. ఒకాయన మాత్రం రాత్రికే కూలోళ్లను పిలిచిండట, లైట్లు వెట్టి నాటిస్తనన్నడు. ఫోన్లు నేను జేస్త, మీరు పోయి ఆపుండ్రి. ముందుగాల ఆయనదే రాసుకొమ్మను."

గట్టయ్య జేబులోంచి పెన్ను తీసి, తన నారు ఎండిన చెలక గట్టు మీదే వంగి కూర్చుని, అరచేతి మీద ఆ పేరూ, ఊరూ రాసుకున్నాడు.